రూటర్ మీద గుడ్డ తీసేయండి, నోటుపుస్తకం ఉంచుకోండి

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. ఇంట్లో మావారూ నేనూ ఇద్దరమే ఉంటాం. వైఫై, స్మార్ట్ టీవీ, ఫోన్లు అన్నీ మా అబ్బాయే పెట్టించి వెళ్లాడు. ముందు గదిలో నెట్ బాగానే వస్తుంది. పడకగదిలోకి వెళ్తే వీడియో ఆగిపోయి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. రూటర్ టీవీ కింద అలమరలో ఉంది. దుమ్ము పడకుండా గుడ్డ కూడా కప్పాను. ఫోన్ రోజూ స్టోరేజ్ నిండిపోయిందంటోంది. పాస్‌వర్డ్‌లు మర్చిపోతున్నానని నోటుపుస్తకంలో రాసుకుంటే అబ్బాయి కోప్పడ్డాడు. టీవీ రిమోట్ పనిచేస్తే చేస్తుంది, లేకపోతే లేదు. ప్రతిదానికీ వాడికే ఫోన్ చేయాల్సి వస్తోంది. 'సెట్టింగ్స్‌లోకి వెళ్లి నువ్వే చూడమ్మా' అంటాడు. ఏదో ఒకటి నొక్కితే మొత్తం పాడైపోతుందేమోనని నాకు టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

టీచర్ గారూ,

ముందు మీ ఆఖరి మాట సంగతి చూద్దాం. ఆ టెన్షన్ తగ్గితే మిగతావాటిలో సగం వాటంతటవే దారికొస్తాయి. మనం వాడుతూ పెరిగిన వస్తువులు వేరు. కుట్టుమిషను చక్రం వెనక్కి తిప్పితే దారం చిక్కుపడేది. టేప్ రికార్డర్‌లో రికార్డు మీట నొక్కితే ఉన్న పాట చెరిగిపోయేది. ఆ జాగ్రత్త మన వేళ్లకు అలవాటైపోయింది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఉన్నవి మాత్రం దాదాపు అన్నీ లైటు స్విచ్‌ల్లాంటివి. వేసింది తీసేయొచ్చు, తీసింది మళ్లీ వేయొచ్చు. అక్షరాలు పెద్దవి చేసి చూశారు, నచ్చలేదు, మళ్లీ చిన్నవి చేసుకుంటారు. అంతే.

వెనక్కి తీసుకోలేని పనులు లేవని కాదు. ఇంకెక్కడా కాపీ లేని ఫొటోని చెరిపేయడం, రీసెట్ కొట్టడం, ఓటీపీ ఎవరికైనా చెప్పేయడం. ఇంట్లో మామూలుగా వాడే వస్తువులతో మనకు వచ్చే పెద్ద నష్టాలన్నీ ఇంచుమించు ఈ మూడింటి దగ్గరే జరుగుతాయి. మీ భయమంతా వీటికోసం దాచుకోండి, మిగతా చోట్ల ఖర్చు పెట్టకండి.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఒక చిన్న అలవాటు చేసుకోండి. ఏ సెట్టింగ్ మార్చబోతున్నా ముందు దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్, సౌండ్ తగ్గించే బటన్ రెండూ ఒకేసారి నొక్కి వదిలితే తెర మీదున్నది ఫొటోగా పడుతుంది. ఏ వైరు పీకబోతున్నా, అది ఎక్కడ గుచ్చి ఉందో ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. తిరిగి పెట్టేటప్పుడు దాన్ని చూసి పెట్టేయడమే. నేను ఇప్పటికీ ఇలాగే చేస్తాను, నాకు సిగ్గేమీ లేదు. ఇంకో సంగతి. సెట్టింగ్స్ తెరవగానే పైన భూతద్దం గుర్తు గానీ, వెతకడానికి ఒక గడి గానీ ఉంటుంది. దాన్ని చాలామంది చూడరు. మీకు కావలసింది అక్కడ టైపు చేస్తే అదే తీసుకెళ్లి చూపిస్తుంది. మీ అబ్బాయి 'సెట్టింగ్స్‌లోకి వెళ్లు' అన్నప్పుడు వాడు చేసేది కూడా చాలావరకు అదే. అవన్నీ వాడికి కంఠతా వచ్చనుకోకండి.

ఇప్పుడు వైఫై. మీ సమస్య ఎక్కడుందో మీ ఉత్తరంలో మీరే రాశారు: టీవీ కింద, అలమరలో, గుడ్డ కింద.

రూటర్‌ని ఒక దీపం అనుకోండి. ఇల్లంతా వెలుగు కావాలంటే దీపాన్ని అలమరలో పెట్టి తలుపు వేయం కదా. కాకపోతే ఈ వెలుగుకు కొన్ని వింత గుణాలున్నాయి. చెక్క తలుపులోంచి, గుడ్డలోంచి సులువుగానే వెళ్తుంది. ఇటుక గోడ దగ్గర కొంత, ఇనప చువ్వలున్న కాంక్రీటు గోడ దగ్గర చాలా బలం పోగొట్టుకుంటుంది. లోహం తగిలితే వెనక్కి తిరుగుతుంది. అందుకే ఇనప బీరువా, ఫ్రిజ్, పెద్ద టీవీ దానికి అడ్డుగోడలే. నిలువుటద్దం కూడా అంతే, అద్దం వెనక పలచటి లోహపు పూత ఉంటుంది కాబట్టి. నీళ్లు దాన్ని పీల్చేసుకుంటాయి. పడకగదికీ రూటర్‌కీ మధ్య చేపల తొట్టె ఉంటే అదీ ఒక గోడ కిందే లెక్క.

కాబట్టి రూటర్‌ని అలమరలోంచి తీసి, వైరు అందినంత వరకు ఇంటి మధ్యకు జరిపి, బల్ల మీదో గూట్లోనో మనిషి ఛాతీ ఎత్తుకు పైగా, చుట్టూ ఖాళీగా ఉండేలా పెట్టండి. గుడ్డ తీసేయండి. సిగ్నల్‌ని గుడ్డ పెద్దగా ఆపదు గానీ లోపలి వేడిని మాత్రం బయటికి పోనివ్వదు. రూటర్ రాత్రీ పగలూ ఆగకుండా నడిచే చిన్న కంప్యూటర్. దాని ఒంటి మీదున్న చిల్లులు గాలి ఆడటానికి పెట్టినవి. బాగా వేడెక్కితే నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. దుమ్ము పడితే వారానికోసారి పొడిగుడ్డతో తుడవండి, చాలు. ముచ్చటపడి కుట్టిన గుడ్డ అయితే టీపాయ్ మీదికి మార్చుకోండి.

ఇది చేశాక కూడా పడకగదిలో సరిగ్గా రాకపోతే ఒక పరీక్ష పెట్టండి. ఫోన్ పట్టుకుని రూటర్ పక్కనే నిలబడి ఒక వీడియో చూడండి. అక్కడ కూడా ఆగి ఆగి వస్తుంటే తప్పు గోడలది కాదు. బయటి నుంచి వచ్చే లైనులోనో రూటర్‌లోనో ఉంది, కనెక్షన్ ఇచ్చినవాళ్లకు చెప్పాల్సిందే. అక్కడ బాగా వచ్చి పడకగదిలో రాకపోతే దూరం, గోడలే కారణం. ఫోన్ చేసినప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పగలిగితే అవతలివాళ్లు అడిగే పది ప్రశ్నలు తప్పుతాయి.

గోడలే కారణమైతే ఫోన్‌లో వైఫై పేర్ల జాబితా చూడండి. చాలా ఇళ్లలో ఒకే రూటర్‌కి రెండు పేర్లు కనిపిస్తాయి, ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. ఆ 5జీకీ, మొబైల్ కంపెనీలు చెప్పే 5జీకీ సంబంధం లేదు. మొబైల్ 5జీ అంటే ఐదో తరం. ఇక్కడ మాత్రం 5 గిగాహెర్ట్జ్ తరంగం అని అర్థం. ఒకే పేరు పెట్టి ఇంతమందిని తికమక పెట్టడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగంగా పనిచేస్తుంది గానీ గోడలు దాటడంలో బలహీనం. 2.4 గిగాహెర్ట్జ్‌ది నెమ్మది నడకే అయినా దూరం వెళ్తుంది. రూటర్ దగ్గర కూర్చున్నప్పుడు మొదటిది, పడకగదిలో రెండోది వాడి చూడండి. ఒకే పేరు కనిపిస్తే ఆ రూటర్‌కి ఒకే తరంగం ఉండొచ్చు, లేదా సందర్భాన్ని బట్టి అదే మారుతుండొచ్చు, మీరు చేయాల్సింది ఏమీ లేదు. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. అది నడుస్తున్న రెండు నిమిషాలూ పక్కనున్న వైఫై తడబడితే కంగారు పడకండి.

అప్పటికీ కుదరకపోతే, రూటర్ సిగ్నల్ అందుకుని ముందుకు పంపే ఎక్స్‌టెండర్ అనే చిన్న పరికరం దొరుకుతుంది. దాన్ని కొన్నవాళ్లలో చాలామంది చేసే పొరపాటు, తీసుకెళ్లి సిగ్నల్ రాని గదిలోనే పెట్టడం. దాని చెవికే వినపడని మాటను అది ఇంకొకరికి ఎలా చెబుతుంది? సిగ్నల్ ఇంకా బాగున్న చోట, దారి మధ్యలో పెట్టాలి. గోడలో వైరు లాగించే వీలుంటే అన్నిటికన్నా అదే మేలు. పాత పద్ధతే గానీ మధ్యలో ఎన్ని గోడలున్నా వైరుకు లెక్కలేదు.

రూటర్ మొండికేసినప్పుడు ఆఫ్ చేసి ఆన్ చేయమని అందరూ చెప్పేదే. ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే నమ్మకంగా చేస్తారు. ఆగకుండా నడిచే కంప్యూటర్‌లో చిన్న చిన్న పనులు మధ్యలో ఇరుక్కుపోతాయి, జ్ఞాపకంలో అక్కర్లేనివి పేరుకుంటాయి. కరెంటు తీస్తే అవన్నీ చెరిగిపోయి అది మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెడుతుంది. ప్లగ్ తీశాక అర నిమిషం ఆగి పెట్టండి. లోపలి భాగాల్లో మిగిలిన కరెంటు కూడా పోవాలి. లైట్లన్నీ స్థిరపడటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు ఆగలేకే చాలామంది మళ్లీ మళ్లీ ఆఫ్ చేస్తుంటారు.

ఇక రీసెట్ అంటే ఏమిటో నా సొంత నిర్వాకం చెబుతాను. చాలా రూటర్ల వెనక పిన్ను దూరేంత చిన్న చిల్లు ఉంటుంది. రీస్టార్ట్, రీసెట్ రెండూ ఒకటేననుకుని ఒక రాత్రి పిన్నీసు పెట్టి గట్టిగా నొక్కాను. లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరిపోయాయి. రూటర్ ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చినట్టు అయిపోయింది. వైఫై పేరు పోయింది, పాస్‌వర్డ్ పోయింది, కనెక్షన్ వివరాలు కూడా పోయాయి. మర్నాడు మనిషి వచ్చి మళ్లీ పెట్టేదాకా ఇంట్లో అందరూ నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. రీస్టార్ట్ అంటే నిద్ర లేపడం. రీసెట్ అంటే నేర్చుకున్నదంతా మర్చిపోయేలా చేయడం. ఫోన్‌లో కూడా 'ఫ్యాక్టరీ రీసెట్' అనే మాట కనిపిస్తే అక్కడే ఆగి అబ్బాయికి ఫోన్ చేయండి. ఆ ఒక్క ఫోన్‌కీ మొహమాటపడకండి.

స్టోరేజ్ సంగతి. ఫోన్ నింపేది సాధారణంగా మీరు తీసిన ఫొటోలు కాదు, మీకు వచ్చిన వీడియోలు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా' అని ఉంటుంది, దాని లోపల 'మేనేజ్ స్టోరేజ్'. అక్కడ పెద్ద పెద్ద ఫైళ్లన్నీ ఒకచోట, చాలాసార్లు ఫార్వర్డ్ అయి వచ్చినవన్నీ ఇంకోచోట పేర్చి చూపిస్తుంది. తెరిచి చూస్తే ఆశ్చర్యపోతారు. పొద్దున్నే వచ్చే శుభోదయం వీడియోలే ఎంత చోటు తింటాయో! అక్కర్లేనివి ఎంచి తీసేయండి. తర్వాత 'స్టోరేజ్ అండ్ డేటా'లోనే వీడియోలు వాటంతటవి డౌన్‌లోడ్ అయ్యే టిక్కు తీసేస్తే, మీరు వేలు పెట్టిన వీడియో మాత్రమే ఫోన్‌లోకి వస్తుంది. స్టోరేజ్ శుభ్రం చేస్తామనే యాప్‌లు వేసుకోకండి, ఆ పని చేసే ఏర్పాటు ఫోన్‌లోనే ఉంటుంది. 'మీ ఫోన్‌లో వైరస్‌లున్నాయి' అని మెరుస్తూ వచ్చే పేజీ కూడా ప్రకటనే, ఏమీ నొక్కకుండా మూసేయండి.

ఫొటోల దగ్గర మాత్రం నిదానంగా ఉండండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్, అంటే ఫొటోల కాపీ నెట్‌లో గూగుల్ దగ్గర దాచే ఏర్పాటు, పెట్టి ఉంటే, మీ ఫోన్‌లో ఉన్నదీ పైన గూగుల్ దగ్గర ఉన్నదీ ఒకే తాడుకు కట్టినట్టు ఉంటాయి. ఆ యాప్‌లో ఫొటో డిలీట్ చేస్తే రెండు చోట్లా పోతుంది. 'ఎలాగూ పైన ఉందిగా' అనుకుని ఇక్కడ డిలీట్ చేసినవాళ్లు పోగొట్టుకునేది ఇందుకే. ఫోన్‌లో చోటు మాత్రమే కావాలంటే అదే యాప్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' అని వేరే ఉంటుంది. అది భద్రంగా పైకి చేరినవాటి ఫోన్ కాపీలనే తీసేస్తుంది. పొరపాటున డిలీట్ చేసినా వెంటనే గుండె జారనక్కర్లేదు. బ్యాకప్ అయిన ఫొటోలు అక్కడి చెత్తబుట్టలో 60 రోజులు ఉంటాయి. ఐఫోన్ సొంత ఫొటోస్ యాప్‌లో అయితే 30 రోజులు. ఆ లోపు వెళ్లి వెనక్కి తెచ్చుకోవచ్చు. చోటు చాలట్లేదని ఆ చెత్తబుట్ట కూడా ఖాళీ చేస్తే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. ఫొటోలు, మెయిళ్లు, డ్రైవ్‌లోని ఫైళ్లు మూడూ అందులోనే సర్దుకోవాలి. 2021 జూన్‌కు ముందు మామూలు నాణ్యతతో దాచిన ఫొటోలు ఈ లెక్కలోకి వచ్చేవి కావు, ఆ తర్వాత పెట్టినవన్నీ వస్తున్నాయి. అది నిండితే మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది. 'స్టోరేజ్ ఫుల్' అని వచ్చినప్పుడు అది ఫోన్ గురించా, గూగుల్ అకౌంట్ గురించా అన్నది చూడండి. రెండిటికీ మందు వేరు. ఫోన్‌లో మాత్రమే ఉన్న వీడియోలు ఎంత చెరిపినా గూగుల్ అకౌంట్‌లో చోటు రాదు. అబ్బాయి ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ముఖ్యమైన ఫొటోలన్నీ ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించమనండి. ఆ కాపీ ఏ తాడుకూ కట్టి ఉండదు.

నోటుపుస్తకం విషయంలో నేను మీ పక్షం.

పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదనే మాట ఆఫీసుల నుంచి వచ్చింది. అక్కడ పక్క కుర్చీలో ఎవరుంటారో చెప్పలేం. మీ పాస్‌వర్డ్ దొంగిలించేవాడు మీ ఇంట్లోకి రాడు. ఎక్కడో కూర్చుని, ఒక వెబ్‌సైట్ నుంచి బయటపడిన పాస్‌వర్డ్‌లను మిగతా వెబ్‌సైట్లన్నిటిలో పెట్టి చూస్తుంటాడు. కాగితాన్ని వాడు చదవలేడు. గుర్తుండదని అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకోవడం కన్నా, వేర్వేరువి పెట్టి రాసుకోవడం ఎంతో నయం. కంప్యూటర్ భద్రత రంగంలో పేరున్న బ్రూస్ ష్నయర్ 2005లోనే ఈ సలహా ఇచ్చారు, రాసుకుని పర్సులో పెట్టుకోమన్నారు. ఒక పెద్ద అక్షరం, ఒక అంకె, ఒక చుక్కో నక్షత్రం గుర్తో ఉండాలి, తరచూ మార్చాలి అనే నియమాలు అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ అంతకుముందు ఇచ్చిన సూచనల వల్ల బాగా వ్యాపించాయి. అవి రాసిన బిల్ బర్ 2017లో, అలా రాసినందుకు తనకు విచారంగా ఉందని పత్రికకు చెప్పారు. అదే ఏడాది నిస్ట్ కూడా దారి మార్చుకుని, వంకర గుర్తుల కన్నా పొడవు ముఖ్యం అంది. కాబట్టి ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా రాయండి. పొడవుగా ఉంటుంది, మీకు గుర్తుంటుంది, ఊహించడం కష్టం. మనవడి పేరు, పుట్టిన ఏడాది మాత్రం వద్దు.

నోటుపుస్తకం అట్ట మీద 'పాస్‌వర్డ్‌లు' అని రాయకండి, ఫోన్ పక్కనే పెట్టకండి. బ్యాంకు పిన్ అందులో రాయకండి, అది నోటికి రావాలి. పుస్తకాన్ని ఫొటో తీసి గ్యాలరీలో దాచకండి. పుస్తకానికి లేని ప్రమాదం ఆ ఫొటోకి ఉంది, ఎందుకంటే అది ఫోన్‌తో పాటు ఊరంతా తిరుగుతుంది. అన్నిటిలోకీ మెయిల్ పాస్‌వర్డ్ గట్టిగా ఉండాలి. మిగతా ఏ పాస్‌వర్డ్ మర్చిపోయినా, కొత్తది పెట్టుకునే దారి చాలావరకు ఆ మెయిల్‌లోంచే వెళ్తుంది. దానికి రెండంచెల తనిఖీ కూడా పెట్టించుకోండి. అంటే పాస్‌వర్డ్ కొట్టాక మీ ఫోన్‌లో కూడా ఒకసారి అడగడం. ఇది అబ్బాయి పెట్టిస్తే చాలు.

ఓటీపీ గురించి పొడిగా చెప్తాను. ఎవరికీ చెప్పకూడదు. బ్యాంకు నుంచి అన్నా, పోలీసులమన్నా, మీ కనెక్షన్ ఇంకో గంటలో కట్ అవుతుందన్నా సరే. ఫోన్ చేసి, ఒక యాప్ వేసుకోండి మేం ఇక్కడి నుంచే సరిచేస్తాం అంటే ఫోన్ పెట్టేయండి. ఆ యాప్ వేస్తే మీ తెర వాళ్లకు కనిపిస్తుంది, వచ్చే ఓటీపీలతో సహా. కస్టమర్ కేర్ నంబరు నెట్‌లో వెతికి తీసుకోవద్దు, దొంగ నంబర్లు అక్కడే వేలాడుతుంటాయి. బిల్లు మీదో కార్డు వెనకో ముద్రించి ఉన్నదే వాడండి. ఒకవేళ పొరపాటున చెప్పేశారనుకోండి, ముందు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఇంకో ఫోన్ నుంచి కార్డు వెనకున్న నంబరుకు చేయండి. ఇంట్లో ఎవరేమంటారోనని దాచి కూర్చోవద్దు, ఒక్కో నిమిషానికీ విలువుంటుంది.

రిమోట్‌ది చిన్న పని. ఫోన్ కెమెరా తెరిచి, రిమోట్ ముందు భాగాన్ని కెమెరాకు చూపిస్తూ ఏదైనా బటన్ నొక్కండి. మామూలు కంటికి కనపడని వెలుగు తెర మీద మినుకుమినుకుమంటే రిమోట్ బాగున్నట్టే. కొన్ని ఫోన్లలో వెనక కెమెరా ఆ వెలుగును అడ్డుకుంటుంది, సెల్ఫీ కెమెరాతో కూడా చూడండి. కనపడకపోతే సెల్లులు రెండూ ఒకేసారి మార్చి, అవి తగిలే స్ప్రింగులు తుడవండి. వెలుగు వస్తున్నా టీవీ పలకకపోతే దాని ముందు ఏదైనా అడ్డం ఉందేమో, కిటికీ ఎండ సూటిగా పడుతోందేమో చూడండి. బ్లూటూత్‌తో పనిచేసే రిమోట్లకు ఈ పరీక్ష పనికిరాదు.

ఇక మీ అబ్బాయి. వాడికి విసుగొచ్చేది మీరు ఫోన్ చేసినందుకు కాదు, 'ఏదో వచ్చింది, పోయింది' అన్నందుకు. తెర మీద ఏముందో అక్షరం అక్షరం చదవండి, లేదా స్క్రీన్‌షాట్ పంపండి. వాట్సాప్ వీడియో కాల్‌లో మీ తెరను అవతలివాళ్లకు చూపించే సదుపాయం 2023లో వచ్చింది. మీరే కాల్ చేసి, వాడి ముఖం చూశాక మాత్రమే వాడండి. వాడు చెప్పింది మీ చేత్తో మీరే నొక్కండి. తర్వాత అదే నోటుపుస్తకంలో వెనక పేజీ నుంచి మొదలుపెట్టి, ఏది ఎలా బాగైందో మీ మాటల్లో రాసుకోండి. రెండోసారి అదే సమస్య వస్తే ఆ పేజీ చూసుకోవచ్చు.

ఇవన్నీ ఒకేసారి పెట్టుకోకండి. ఈ వారానికి రూటర్ ఒక్కటే బయటికి తీయండి. వైర్లు పీకే ముందు ఫొటో మర్చిపోవద్దు. పడకగదిలో వీడియో ఆగకుండా వచ్చిందో లేదో మళ్లీ ఉత్తరం రాయండి.